ఎక్కిన చోటే దిగే ప్యాసింజరమ్మ

మా ప్యాసింజరమ్మను మీరు చూసే ఉంటారు. ఎక్కడ చూశామా అని తల గోక్కోకండి. బస్టాపుల్లో అంటించిన పెద్ద పోస్టరులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో గళ్ళ సంచి పెట్టుకుని, నోరారా నవ్వుతూ కనిపించే పెద్దావిడే ఆవిడ. బొమ్మ కింద 'ఇక అన్నీ దగ్గరే' అని రాసి ఉంటుంది. జాతీయ రవాణా సంస్థవారు ఏ రోడ్డు వేసినా, ఏ వంతెన కట్టినా, ఏ బస్సుకు రంగు పూసినా పక్కన ఆ నవ్వు ఉండాల్సిందే. కొత్త రైలు ప్లాట్‌ఫారం మీద నవ్వింది. చక్రాల కుర్చీ ఎక్కే వాలుబాట దగ్గర నవ్వింది. తారు ఆరని రోడ్డుకు చెప్పులు అతుక్కుపోయి, కాలు ఊడబెరుక్కోలేక అవస్థ పడుతూ కూడా నవ్వింది. రవాణా వల్ల ఇంత సుఖపడ్డ మనిషి ఈ దేశంలో మరొకరు లేరని చూసినవాళ్ళంతా అనుకుంటారు.

ఆవిడ ఏ బస్సులోనూ ఎక్కడికీ వెళ్ళలేదన్న సంగతి మా వీధికొక్కదానికే తెలుసు.

నాకు ఇంకాస్త బాగా తెలుసు. ఆవిడ ఇంటిని ఆనుకునే నా సైకిల్ కొట్టు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టులో సగం రోడ్డు మింగేసింది. ఇప్పుడు సైకిలు ముందు చక్రం లోపల, వెనక చక్రం బయట పెట్టి బాగుచేస్తున్నాను. వానొస్తే వెనక చక్రం సంగతి దేవుడికే వదిలేస్తాను. అందుచేత ఆ సంస్థ గురించి నా మాటల్లో కొంచెం కారం తగిలితే మీరు సర్దుకోవాలి.

ప్యాసింజరమ్మ అసలు పని కాజాలు కుట్టడం, గుండీలు వేయడం. చొక్కాలు కత్తిరించి మిషను మీద కుట్టేది వాళ్ళక్క. అక్కది రోడ్డుకు అవతలి పక్క నీలం షట్టరు కొట్టు. ఇవతలి పక్క చెల్లెలు. అక్క కుట్టిన చొక్కాలను చెల్లెలు రోడ్డు దాటి వెళ్ళి గళ్ళ సంచిలో వేసుకొచ్చేది, చేత్తో కాజాలు కుట్టి, మర్నాడు తిరిగి పట్టుకెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా ఒక పోట్లాట, ఒక టీ. మొగుళ్ళు పోయినా, పిల్లలు పెద్దవాళ్ళయినా ఆ రెండూ మాత్రం ఆగలేదు. గొంతులు ఎంత పెద్దవంటే, అక్కడ వాళ్ళు తిట్టుకుంటుంటే ఇక్కడ నేను పంక్చరు వేస్తూ ఎవరిది న్యాయమో తేల్చుకునేవాణ్ణి.

రోడ్డు పెరిగింది. మధ్యలో గోడ లేచింది, గోడ మీద కంచె లేచింది. ఇప్పుడు అవతలికి పోవాలంటే ఎక్కడో ఉన్న పెద్ద వంతెన దాకా నడిచి, దాని కింద దూరి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడవాలి. ప్యాసింజరమ్మ మోకాళ్ళు ఒకటి రెండుసార్లు ఒప్పుకున్నాయి, ఆ తర్వాత మొరాయించాయి. వాకిట్లో నిలబడితే అక్క మిషను పక్క బల్బు కనబడుతుంది. అక్క మాత్రం అందదు.

ఇక ఆ నవ్వు కథ. ఆవిడ అల్లుడు రవాణా సంస్థలో ఫొటోలు తీసే ఉద్యోగి. మనిషి మంచివాడే, కాకపోతే పెద్దసారు దగ్గితే ఇతనికి జ్వరం వస్తుంది. ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. పని పూర్తయిందని ఇంజనీరు చెబితే పూర్తయినట్టు కాదు. అక్కడ ఒక ప్రయాణికుడు తృప్తిగా నవ్వుతున్న ఫొటో రావాలి, అప్పుడే పూర్తయినట్టు. అది వచ్చేదాకా పని 'ప్రగతిలో' ఉన్నట్టే. ఒకనాడు అల్లుడు కొత్త బస్టాపు ఫొటో తీయడానికి వెళ్ళి, నవ్వే ప్రయాణికుడి కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాడు. బస్సే రానిచోట ప్రయాణికుడెందుకు వస్తాడు? అతను ఇంట్లో మరచిపోయిన కళ్ళజోడు ఇద్దామని అత్తగారు అటు వచ్చింది. అప్పుడే ఆవిడకు కొత్తగా కట్టుడు పళ్ళు పెట్టారు. ఆ మురిపెంలో గోడలను చూసి కూడా నవ్వుతున్న రోజులవి. అల్లుడు బెంచీ మీద కూర్చోబెట్టి క్లిక్కుమనిపించాడు.

పెద్దసారు ఆ ఫొటో చూసి కుర్చీలోంచి లేచాడట. "తృప్తి అంటే ఇదయ్యా! ఇకమీదట అన్నిటికీ ఈవిడే" అన్నాడట. అంతే, మా కాజాలావిడ దేశానికి ప్యాసింజరమ్మ అయిపోయింది. బస్సును అరువు తెచ్చేవారు, ఎక్కించేవారు, ఫొటో తీసేవారు, దింపేవారు. బస్సు ఖాళీగా వెనక్కి పోయేది. ఆవిడ కూడా సంచి ఊపుకుంటూ, అల్లుడి స్కూటరు వెనక కూర్చుని ఇంటికొచ్చేది.

కొంప మునిగింది ఎక్కడంటే, ఆ పోస్టరు ఒకటి అవతలి పక్క అక్క కొట్టు ఎదుటి బస్టాపులో పడింది. అక్క పొద్దున షట్టరు ఎత్తగానే ఎదురుగా చెల్లెలు. అదే సంచి, అదే చీర, ముప్పై రెండు పళ్ళ నవ్వు, కింద 'ఇక అన్నీ దగ్గరే'. చెల్లెలు ఫోను చేస్తే అక్క ఎత్తడం మానేసింది. నేను సైకిలేసుకుని రాయబారం వెళ్ళాను.

"పెద్దమ్మా, ఆవిడ ఎక్కడికీ పోలేదు. అది ఉత్త ఫొటో" అన్నాను.

"ఉత్త ఫొటోనా? మరి ఆ రైలు పక్కన నిలబడింది ఎవరు, నువ్వా?" అంది అక్క మిషను ఆపకుండా. "ఊళ్ళేలడానికి తీరిక ఉంది, అక్క గడప తొక్కడానికి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళి చెప్పు, కాజాలకు వేరేవాళ్ళను చూసుకున్నానని."

"పోనీ, చొక్కాల మూట ఇవ్వండి, నేను తీసుకెళ్తాను."

"మనిషే రానప్పుడు మూటెందుకు?" అని నా చేతిలోని సంచి వెనక్కి తోసేసింది.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ప్యాసింజరమ్మ సూదిలో దారం ఎక్కించుకుని, కుట్టడానికేమీ లేక ఆ సూదిని చీర కొంగుకే గుచ్చుకుంది. ఆవిడ మీద నాకు జాలి కలిగిందంటే అప్పుడే. అక్కకు నిజం నలుగురిలో చెబుదామంటే అల్లుడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ప్యాసింజరు ప్యాసింజరు కాదని బయటపడితే అతని ఉద్యోగం ఊడుతుంది. కూతురి మొహం చూసి ఆవిడ నోరు నొక్కుకుంది.

అలా ఉండగా మా వీధి చివర అద్దాల షెల్టరు మొలిచింది. దానికి బోర్డు: 'అనుసంధాన సర్వీసు. ఇవతలి పక్క నుంచి అవతలి పక్కకు, వయా వంతెన'. అన్నీ ఉన్నాయి, బస్సు తప్ప. మేం రోజూ చూసి చూసి, చివరికి ఆ బెంచీ మీద బట్టలారేసుకోవడం మొదలుపెట్టాం. అప్పుడొచ్చాడు అల్లుడు కెమెరా పట్టుకుని. వెనకాలే బస్సు, కడిగిన ముత్యంలా. స్టీరింగు దగ్గర ఫొటో డ్రైవరు. మీసకట్టు బాగుందని సంస్థవాళ్ళు అతన్ని ఫొటోలకే కేటాయించారు. పాపం డిపోలో తోటి డ్రైవర్లు 'ఏం హీరో, ఇవాళైనా గేరు మార్చావా?' అని ఏడిపిస్తారట.

తోటి ప్రయాణికులుగా మా వీధివాళ్ళనే ఎక్కించారు. ఇస్త్రీ అతనికి విద్యావంతుడి వేషం, కళ్ళజోడు ఇచ్చారు. ట్యూషన్ టీచరమ్మకు గృహిణి వేషం. సగం కొట్టు ఉన్న నాకు ఆఫీసరు వేషం, చేతిలో ఫైలు. ప్యాసింజరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నవ్వమంటే నవ్వింది. క్లిక్కుమంది.

"అయిపోయింది, దిగండి అత్తయ్యా" అన్నాడు అల్లుడు. తెర చూసుకుని నాలిక్కరుచుకున్నాడు. "అయ్యో, ఎండ కొట్టేసి మొహం కనబడట్లేదు. సరే, దిగండి, మళ్ళీ ఎక్కుదురుగాని."

ప్యాసింజరమ్మ దిగలేదు. సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"ఇది నేను దిగే స్టాపు కాదు."

"అత్తయ్యా! ఇది ఫొటో బస్సు. ఎక్కడికీ పోదు."

"అవతలి పక్కకని బోర్డు మీద రాసుంది. రాసింది మీవాళ్ళేగా?"

"రాయడం వేరు, పోవడం వేరు అత్తయ్యా."

"ఎక్కడికీ పోని బస్సు మరి డిపోకెలా పోతుంది?"

అల్లుడు నోరు తెరిచాడు. జవాబు మాత్రం డ్రైవరు దగ్గర్నుంచి వచ్చింది. "ఇక్కడ తిప్పుకోవడానికి సందెక్కడుంది సార్? డిపోకు పోవాలన్నా వంతెన కింద తిరిగి అవతలి పక్క నుంచే పోవాలి. ఈ రోడ్డు మీదికి ఎప్పుడొచ్చినా అలాగే పోతున్నా, ఖాళీ బండితో."

ప్యాసింజరమ్మ మెల్లగా ముందుకు వంగింది.

"నీలం షట్టరు కొట్టు ముందునుంచా నాయనా?"

"దాన్ని రాసుకుంటూనే అమ్మా."

"అయితే పోనియ్యి."

"అత్తయ్యా, నా ఉద్యోగం!" అని అల్లుడు మెట్టెక్కి మొత్తుకున్నాడు.

"నీ ఉద్యోగమేంటి? ప్యాసింజరు బస్సులో ఉంటే ఫొటో తీయడమే కదా. నేను బస్సులోనే ఉన్నాను, తీసుకో" అంది ఆవిడ. డ్రైవరు అల్లుణ్ణి అడగనూ లేదు, అతను మొత్తుకున్నా ఆగనూ లేదు. గేరు వేసినప్పుడు అతని మొహం చూడాల్సింది. పెళ్ళిచూపుల్లో పిల్ల ఒప్పుకున్న కుర్రాడి మొహమే.

బస్సు కదలగానే ప్యాసింజరమ్మ ఉలిక్కిపడి ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. "ఇదేంటి, కదులుతోంది!" అంది. మేం పగలబడి నవ్వాం. నిజానికి ఆవిడ ఎక్కిన కొత్త బస్సులేవీ కదల్లేదు. వంతెన కింద చీకట్లో దూరినప్పుడు మాత్రం ఆవిడ నవ్వు పోయింది. అక్క మొహం తిప్పుకుంటే ఏం చేయాలి? అదే ఆలోచిస్తోందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే కొంగుకు గుచ్చిన సూదిని తీస్తోంది, పెడుతోంది.

అవతలి బస్టాపులో బస్సు ఆగింది. ప్యాసింజరమ్మ దిగింది. గోడ మీద నవ్వుతున్న ప్యాసింజరమ్మ, దాని కింద సంచి గుండెకు హత్తుకున్న ప్యాసింజరమ్మ. ఎదురుగా మెడలో టేపు వేలాడేసుకుని అక్క.

"ఏమే, ఇక్కడా ఫొటోనేనా? మిగతా దేశం అయిపోయిందా?" అంది అక్క.

"అక్కా, నేనెక్కడికీ పోలేదు. ప్రతిసారీ ఎక్కిన చోటే దిగాను. ఎక్కిన చోటు కాకుండా ఇంకో చోట దిగడం ఇదే మొదటిసారి. నీ దగ్గరే."

అక్క గోడ మీది బొమ్మను చూసింది, కింద మనిషిని చూసింది. "మరి ఆ ఇకిలింపు ఎందుకే?"

"కొత్త పళ్ళక్కా. అందరికీ చూపించుకున్నాను. నీకొక్కదానికే చూపించలేదు" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

అక్క చేయిపట్టి కొట్టులోకి లాక్కుపోయింది. లోపల కొక్కేలకు చొక్కాలే చొక్కాలు. ఒక్కదానికీ కాజా లేదు, ఒక్కదానికీ గుండీ లేదు. వేరేవాళ్ళను చూసుకున్నానన్నది ఒట్టి బింకం. చొక్కా అడగడానికొచ్చినవాళ్ళతో రోజూ వాదులాడుతూ ఆపుకొచ్చిందట. "ఇవన్నీ ఎవరు కుడతారే, నీ గోడ మీది బొమ్మ కుడుతుందా?" అని అక్క కూడా కళ్ళు తుడుచుకుంది. అల్లుడికి అలవాటు ఎక్కడికి పోతుంది? క్లిక్కుమనిపించాడు. భయంలో అదే ఫొటో ఆఫీసుకు పంపేశాడు.

మర్నాడు ఆఫీసు నుంచి అక్షింతలు. 'ప్రయాణికురాలి మొహంలో తృప్తి లేదు. మళ్ళీ తీయండి. తృప్తి వచ్చేవరకు బస్సును అక్కడికే కేటాయించడమైనది.' అల్లుడు ఇది బస్సు మెట్ల మీద నిలబడి ఏడుపుగొంతుతో మాకు చెప్పాడు.

డ్రైవరు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "అంటే ఆవిడ నవ్వేదాకా నేను రోజూ రావాలన్నమాట" అన్నాడు.

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ప్యాసింజరమ్మ తెరిచి ఉన్న నోరు నెమ్మదిగా మూసుకుంది.

ఆ రోజు నుంచి మా వీధిలో నవ్వడం తప్పయిపోయింది. బస్సు రోజూ వస్తోంది, ఆవిడ సంచితో రోజూ ఎక్కి అక్క దగ్గరికి పోయి అందులోనే తిరిగొస్తోంది, మొహం గంటు పెట్టుకుంటోంది. అల్లుడు రోజూ ఫొటో తీసి 'నవ్వు రాలేదు' అని పంపుతున్నాడు. నెమ్మదిగా అసలు ప్రయాణికులు కూడా ఎక్కసాగారు. బస్సు దొరికిన ఆనందంలో వాళ్ళు ఎక్కడ పళ్ళికిలిస్తారోనని ఇస్త్రీ అతను గుమ్మం దగ్గరే ఆపి, "ఏదైనా బాధ గుర్తు తెచ్చుకోండి" అని హెచ్చరించేవాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. ఫొటో వేళకు నా కొట్టు గుర్తు తెచ్చుకుంటే చాలు.

చివరికి పెద్దసారే బయల్దేరాడు. ఆ నవ్వు లేక, సంస్థ గొప్పలు అచ్చేసే ఆయన ప్రగతి సంచిక ఆగిపోయింది. 'ఇంకొకరి ఫొటో వేద్దాం సార్' అని ఎవరో అంటే, దేశం నమ్మేది ఆ పళ్ళనే అని కసిరాడట. అక్క కొట్టు ముందు బస్టాపులోకి వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

"ఏమ్మా, బస్సు బాగాలేదా?"

"బాగుంది బాబూ" అంది ప్యాసింజరమ్మ, బాగాలేని మొహంతో.

ఆయన ఒక జోకు వేశాడు. మేమెవరమూ కదల్లేదు. ఇంకోటి వేశాడు, దానికి ఆయనే నవ్వాడు. అలసిపోయి బెంచీ మీద కూలబడ్డాడు. ఆయన వస్తున్నాడని ఆ బెంచీకి పొద్దునే పసుపురంగు వేశారు. సంస్థలో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. లేచేసరికి తెల్ల ప్యాంటు వెనక పసుపు పట్టీలు, రోడ్డు మీద దాటే చోట గీసినట్టు.

దేవుడా! డ్రైవరు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. టీచరమ్మ వెనక్కి తిరిగి గోడ చదవసాగింది. నేను కొట్టు తలుచుకున్నాను, ఇల్లు తలుచుకున్నాను, లాభం లేకపోయింది. ప్యాసింజరమ్మ బుగ్గలు పొంగుతున్నాయి, పెదవులు అదురుతున్నాయి. అల్లుడి కెమెరా ఆవిడ వైపే ఉంది, పెద్దసారు వేలు గాల్లో ఉంది. ఒక్క పన్ను బయటపడితే బస్సు డిపోకు పోతుంది, మళ్ళీ అక్క రోడ్డుకు అవతలే.

మిషను చప్పుడు ఠక్కున ఆగింది.

"ఏమే!" అని అక్క గొంతు ఉరిమింది. "చిన్నప్పుడు నాన్న కత్తెర విరగ్గొట్టి నా మీదికి తోసినదానివి, నీకు నవ్వు కూడా వస్తుందటే?"

ప్యాసింజరమ్మ గిర్రున తిరిగింది. "నేను విరగ్గొట్టానా? నేనా? నా వీపు చిట్లిపోయింది ఆ రోజు! విరగ్గొట్టింది నువ్వు!"

"నోరుముయ్యి, నువ్వే!"

"ఇన్నేళ్ళయినా ఒప్పుకోవు! నీ కడుపులో ఉన్నదంతా..."

ఇక చూడాలి. ఇద్దరూ బస్టాపులో నిలబడి చిన్ననాటి నుంచీ ఉన్న తగాదాలన్నీ తిరగదోడారు. క్లిక్, క్లిక్ అని అల్లుడు తీస్తూనే ఉన్నాడు. ఏ ఫొటోలో చూసినా నిప్పులు కక్కే ముసలావిడే. పెద్దసారు చెమట తుడుచుకున్నాడు.

"వెలుతురు సరిగా లేనట్టుంది" అన్నాడు నీరసంగా. "పొద్దుటి వెలుతురులో ఒకసారి, సాయంత్రపు వెలుతురులో ఒకసారి ప్రయత్నించండి. బస్సు రోజూ రెండుసార్లు రావాలి. నవ్వేదాకా ఆపకండి."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు, పసుపు పట్టీలతో సహా. అక్కాచెల్లెళ్ళు కొట్టులోకి వెళ్ళారు. మంచినీళ్ళ మిషతో నేనూ దూరాను. ప్యాసింజరమ్మకు రొప్పు ఇంకా తగ్గలేదు. కోపంగానే ఒక చొక్కా లాక్కుని కాజా మొదలుపెట్టింది. అక్క మిషను కింద గుడ్డ సర్దుకుంటూ, తల ఎత్తకుండా అంది:

"కత్తెర నేనే విరగ్గొట్టాను."

సూది ఆగింది.

"నాకు తెలుసు" అంది ప్యాసింజరమ్మ. తర్వాత ఆవిడ నవ్వింది. ఏ పోస్టరులోనూ లేని నవ్వు, ఒళ్ళంతా కుదిపేసి, కళ్ళ నీళ్ళు తెప్పించి, కట్టుడు పళ్ళు జారిపోయేంత నవ్వు. అక్కా అందుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతుంటే, నేను షట్టరు సగం కిందికి లాగి కాపలా నిలబడ్డాను. అల్లుడు చూడనే చూశాడు. కెమెరాకు మూత పెట్టుకుని, ఆకాశం వంక చూస్తూ అటు వెళ్ళిపోయాడు. అతనిలో కూడా మనిషున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

బయట డ్రైవరు హారను కొట్టాడు. ప్యాసింజరమ్మ కళ్ళు తుడుచుకుంది, చొక్కాలు సంచిలో వేసుకుంది, మొహం మాడ్చుకోబోయింది. మాడలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పెదవులు మాట వినడం లేదు.

"ఇలా పోతే బస్సు పోగొడతావే" అంది అక్క. గుండీల డబ్బా మూత తీసి చేయి చాపింది. ప్యాసింజరమ్మ పళ్ళు ఊడదీసి డబ్బాలో, తెల్ల గుండీల మధ్య పెట్టింది.

"రేపొచ్చి పెట్టుకుంటాను" అని బోసినోటితో చెప్పి బస్సెక్కింది.